నవ్వినవాళ్ళకు శాలువా

మన జనానికి ఒక అలవాటు ఉంది. ఏదైనా జరిగేదాకా ఎవరూ నోరు విప్పరు. జరిగిన మరుక్షణం ఊళ్ళో సగం మంది "నే చెప్పలా" అంటారు. వంతెన కూలినా, అల్లుడు తాగుబోతని తేలినా, ఎన్నికల్లో గెలవాల్సినవాడు ఓడిపోయినా, ముందే చెప్పినవాడు ఒకడు తుండుగుడ్డ దులుపుకుంటూ లేస్తాడు. ఇన్నాళ్ళూ దీన్ని పనిలేనివాళ్ళ జబ్బనుకున్నాం. ప్రభుత్వం వారు జాతి సంపద అనుకున్నారు. అనుకుని ఊరుకోక ఒక సంస్థ పెట్టారు.

దాని పేరు పూర్వదర్శుల గుర్తింపు మరియు యథాతథ పరిరక్షణ సంస్థ. పూర్తిగా పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. అందుకని జనం 'నేచెప్పలా ఆఫీసు' అని పిలుచుకుంటారు. సెల్‌ఫోన్లూ, కెమెరాలూ, తమంతట తామే నడిచే కార్లూ ఎవరో ఎక్కడో కనిపెట్టారని చదువుకుంటున్నాం గానీ, వాటన్నిటినీ మన పల్లెల్లో మనవాళ్ళు ఏనాడో ఊహించి చెప్పారని, వినేవాడు లేక ఆ మాటలు గాలికి పోయాయని ఆ సంస్థ నమ్మకం. ప్రతి మండలం ఉగాదిలోపు ఒక పూర్వదర్శిని వెతికి చూపించాలి. మా దగ్గర లేడు అనడానికి వీల్లేదు.

పక్క మండలాలు చురుగ్గా కదిలాయి. ఒకచోట ఎవరో షోకిలారాయుడు కర్ర చివర అద్దం కట్టుకుని తన మొహం తానే చూసుకుంటూ తిరిగేవాడట. సెల్ఫీకి ఆద్యుడన్నారు. ఇంకోచోట ఒక ముసలమ్మ పొద్దున్నే బస్సు ఆపి, ముక్కూమొహం తెలియనివాడి చేతికి కారేజీ ఇచ్చి "పట్నంలో మావాడికి అందించు నాయనా" అనేదట. ఫోను నొక్కితే గుమ్మంలోకి భోజనం వచ్చే పద్ధతికి ఆమెను తల్లిని చేశారు. మూడో మండలంలో ఒకాయన సంతనుంచి వస్తూ బండిలో నిద్రపోతే ఎద్దులే ఇల్లు చేర్చేవట. డ్రైవరు లేని బండికి ఆయన పేరు పంపారు. పై ఆఫీసు నుంచి ఒక సందేహం వచ్చింది: దర్శనం నిద్రపోయినవాడిదా, మేలుకుని నడిచిన ఎద్దులదా? ఎద్దుల వారసులెవరో తేలక ఆ ఫైలు ఇంకా తిరుగుతోంది.

మా గుండ్లమెట్ట మండలంలో మాత్రం ఒక్కడూ దొరకలేదు. దాంతో జిల్లా పూర్వదర్శనాధికారి భుజంగరావు గారు స్వయంగా దిగారు. వెంట హైమావతి అనే సహాయకురాలు. మాట ఆయనది, రాత ఆమెది. పంచాయతీ ఆఫీసులో సభ పెట్టారు.

"నిద్రాణమై ఉన్న దర్శనాన్ని వెలికితీయడం, వెలికితీసిన దాన్ని నమోదు చేయడం, నమోదైన దాన్ని కదలకుండా పరిరక్షించడం మా సంస్థ పరమావధి" అన్నారు భుజంగరావు గారు. "మీ మండలం సహకార లోపం వల్ల వెనకబడి ఉంది. ఎవరైనా ముందుకు రండి."

సర్పంచి శేషగిరి లేచాడు. "మా తాత ఉన్నాడండి. అంటే పోయాడనుకోండి. ఆరోజుల్లోనే అరుగు మీద కూర్చుని ఊరంతా కనిపెట్టుకుని ఉండేవాడు. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో అన్నీ ఆయనకు తెలిసేవి. సీసీ కెమెరా ఊహ ఆయనదేనండి."

"విలువైన దర్శనం. సమకాలీన అపహాస్యం ఉందా?"

"అంటేనండీ?"

"ఆయన్ను చూసి ఆనాటివాళ్ళు నవ్వారా అని. కాలానికంటే ముందున్నవాణ్ణి చూసి కాలం నవ్వుతుంది శేషగిరి గారూ. నవ్వలేదంటే ముందు లేడని అర్థం. నవ్విన సాక్షులు కావాలి."

శేషగిరి సభలోనే ముసలివాళ్ళ బెంచీ దగ్గరికి వెళ్ళి వంగాడు. ఆ బెంచీకి పెద్ద రంగనాయకులు. ఎనభై దాటినవాడు.

"మావా, మా తాతను చూసి ఒక్కసారి నవ్వావని చెప్పు మావా. నీకు పుణ్యముంటది."

"మీ తాత ఎదురైతే దగ్గొచ్చినా వెనక్కి తిరిగి దగ్గేవాళ్ళంరా. నవ్వుంటే నాకు పళ్ళుండేవా?"

"ఇప్పుడు మాత్రం ఉన్నాయా?"

"ఇవి వయసుకు పోయినయ్యి. అప్పుడైతే మీ తాత చేతిలో పోయేవి. తేడా ఉంది గదా."

అలా శేషగిరి తాత తొలిరౌండులోనే పోయాడు. బతికున్నప్పుడు ఎవరికీ అందని మర్యాద అంతా అందుకున్నందుకు ఆయనకు పడిన శిక్ష అది. ఆ తరువాత లేచినవాళ్ళందరి తాతలూ ఎంతోకొంత భూమి ఉన్నవాళ్ళే. భూమి ఉన్నవాణ్ణి చూసి మా ఊళ్ళో ఎవరూ నవ్వరు. భుజంగరావు గారు విసుక్కుని, "అసలు మీ ఊరు ఎవర్ని చూసి నవ్విందో అది చెప్పండి" అన్నారు.

ముసలివాళ్ళ బెంచీ మొత్తం ఒకే గొంతుతో "పేరయ్య" అంది.

పేరయ్య ఊరి వెట్టి. టముకు కొట్టి పంచాయతీ కబుర్లు వీధివీధికీ చెప్పేవాడు. శిస్తు కట్టమనీ, పశువులకు టీకాలేయించమనీ అరిచి చెబుతుంటే వినేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. ఒకరోజు పెద్దవీధి మధ్యలో నిలబడి విసుగెత్తి అన్నాడట: "నా మాట మీకు లెక్కలేదు. ఒకనాటికి ఒక్కొక్కడి జేబులో ఒక్కో టముకుంటది చూడండి. అది మోగినప్పుడల్లా తినేవోడు ముద్ద ఆపాల, పడుకున్నోడు లేచి కూర్చోవాల. అప్పుడు తెలుస్తది నా విలువ." ఆ రోజు నవ్విన నవ్వు ఆయన పోయేదాకా ఊరు ఆపలేదు. "పేరయ్యా, జేబులో టముకు సరే, పంచెలో గేదెను ఎప్పుడు కట్టిస్తావు" అని అడిగేవాళ్ళు.

భుజంగరావు గారి జేబులో ఫోను అప్పుడే మోగింది. ఆయన మాట ఆపి, తీసి చూసుకుని, మళ్ళీ పెట్టుకుని, కళ్ళు తుడుచుకున్నారు.

వారం తిరక్కుండా బడి ముందు షామియానా వేసి నవ్వు ధ్రువీకరణ శిబిరం పెట్టారు. పేరయ్యను చూసి నవ్వినవాళ్ళు, నవ్వినవాళ్ళ పిల్లలు, నవ్వామని ఇప్పుడే గుర్తొచ్చినవాళ్ళు వరసలో నిలబడ్డారు. ఆనాడు ఎలా నవ్వారో అలాగే నవ్వి చూపించాలి. హైమావతి ఫోనులో పట్టుకుంటుంది, అయ్యగారు తీర్పు చెబుతారు.

"మీ నవ్వులో జాలి వినిపిస్తోంది. తరువాత."

"మీరు నిన్న టీవీ చూసి నవ్విన నవ్వు ఇది. ఆ కాలపుది కాదు. తరువాత."

చివరికి రంగనాయకులు వచ్చి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, పొట్ట పట్టుకుని, బోసి నోటితో ఒక నవ్వు నవ్వాడు. షామియానా గుంజలు కదిలాయి. భుజంగరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ప్రథమ అపహాసకుడు అని బిరుదిచ్చి శాలువా కప్పారు. ఫోటో కూడా తీశారు.

జనం వెనకాల ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని కోటమ్మ నిలబడి ఉంది. పేరయ్య కూతురు. మొగుడు పోయి, పిల్లలు లేక, తండ్రి ఇంట్లోనే ఒక్కతీ ఉంటుంది.

"అదే నవ్వబ్బాయ్" అంది నాతో. "ఏం మారలా."

నేను అక్కడెందుకున్నానంటే, పేరయ్య ఇంటి ముందు పెట్టే స్మారకం బోర్డు బ్రష్షుతోనే రాయించాలని నిబంధన. పేరయ్య కాలంలో ఫ్లెక్సీ లేదు గదా. ఫ్లెక్సీలొచ్చాక బ్రష్షులు ఎండబెట్టుకున్న నాకు అలా పని తగిలింది. బోర్డు రాసేవాణ్ణి చూసి ఎవరూ గొంతు తగ్గించరు. గోడకు చెవులుంటాయని భయపడతారు గానీ, గోడమీద రాసేవాడికి ఉంటాయని అనుకోరు.

మర్నాడు అందరూ కోటమ్మ ఇంటికి వెళ్ళారు. చివరి వీధిలో మట్టిగోడల ఇల్లు. పైన నాటు పెంకులు, సగం పగిలినవి. వాసాలకు చెద పట్టింది. తొలకరి రాకముందే కప్పు మార్చాలని కోటమ్మ ఎక్కడెక్కడో తిరిగి రేకులు తెచ్చి గోడకు ఆనించి పెట్టుకుంది. గురువారం నుంచి వడ్రంగి వస్తానన్నాడు.

"కోటమ్మ గారూ" అన్నారు భుజంగరావు గారు. ఆమె పేరు చివర గారు తగలడం అదే మొదటిసారి. ఇంకెవర్నో పిలుస్తున్నారని ఆమె వెనక్కి తిరిగి చూసింది. "ఈ క్షణం నుంచి ఈ గృహం పరిరక్షిత దర్శన స్థలం. ఇందులో ఏదీ కలపరాదు, తీయరాదు, మార్చరాదు. ఆ రేకులు ఎందుకు?"

"కప్పుకయ్యా. కారతంది గదా."

"పేరయ్య గారి కాలంలో కారేదా?"

"అప్పుడూ కారేది."

ఆయన మొహం వెలిగింది. "రాసుకో హైమావతీ. కారడం మౌలికం."

"మౌలికమంటే ఏందయ్యా?"

"అంటే అది మొదటినుంచీ ఉన్నది. తీయడానికి వీల్లేదు."

ఇంట్లో చుక్క పడేచోట ఒక సత్తుగిన్నె ఉంది. అది తండ్రి వాడినదేనా అని అడిగారు. అవునంది కోటమ్మ. అబద్ధం చెప్పడం రాకపోతే ఇలాంటి చిక్కులే వస్తాయి. గిన్నెకు కూడా ఒక చీటీ అంటించారు: కదపరాదు.

"నిండితే?"

"నిండబోయే ముందు ఒక ప్రతిపాదన పంపితే, పరిశీలించి, వంచడానికి అనుమతి ఇస్తారు."

"వాన ఆగుద్దా అందాకా?"

"వాన మా పరిధిలోకి రాదమ్మా."

తరువాత పట్నం నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. ఇల్లంతా చూసి, నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, పైన పగిలిన పెంకు కేసి చాలాసేపు చూశాడు. రాత్రి పడిన అకాల వాన తాలూకు చుక్క వచ్చి నుదుటి మీద పడింది. లేచి కూర్చుని ప్రకటించాడు: "ఇదీ మూలం. నిర్ణీత వ్యవధిలో మోగుతూ, నిద్రపోతున్న మనిషిని లేపి కూర్చోబెట్టే చప్పుడు. జేబులో టముకు భావన ఈ చుక్కలోంచే పుట్టింది." దాంతో కారడం ఇంటి లోపం కాస్తా ఊరి గౌరవం అయింది. ఎండాకాలంలో చుక్క పడదు కాబట్టి సందర్శకులు నిరాశ పడతారని, కప్పు మీదికి ఒక మనిషిని ఎక్కించి చెంబుతో నీళ్ళు పోయించే ఏర్పాటు కూడా జరిగింది. ఆ ఉద్యోగానికి శేషగిరి బావమరిది కుదిరాడు. వాడి నేర్పు వల్ల ఇంకో నాలుగు చోట్ల కారడం మొదలైంది. వాటిని కూడా మౌలికంలో కలిపారు.

పిల్లల్ని బళ్ళనుంచి తోలుకొచ్చి చూపిస్తున్నారు. కోటమ్మ మంచం వసారాలోకి పోయింది. వసారాకు దడి తప్ప గోడ లేదు. వడ్రంగి రెండుసార్లు వచ్చి, చీటీలు చూసి, "అత్తా, పెంకు ముట్టుకుంటే కేసంట, నాకెందుకు" అని వెళ్ళిపోయాడు. రేకులు మాత్రం అలాగే ఉన్నాయి. అవి పేరయ్య కాలంవి కావు కాబట్టి సందర్శకులకు కనపడకుండా గోనెపట్టా కప్పమన్నారు. రేకులకు కప్పు దొరికింది.

ఊరికి మాత్రం మంచే జరిగింది. స్మారకం దాకా సిమెంటు రోడ్డు మంజూరైంది. ఆ కాంట్రాక్టు శేషగిరిది. పేరయ్య పేరు చెప్పుకుని నాలుగు టీకొట్లు వెలిశాయి. తాత పోయిన బాధ శేషగిరి మర్చిపోయి, పేరయ్యను "మా పేరయ్య తాత" అనడం మొదలుపెట్టాడు.

రోహిణి పోయి మృగశిర వచ్చింది. మొదటి వానకే ఉత్తరపు గోడ నాని కడుపు ముందుకు వచ్చింది. ఇంకో రెండు పెద్ద వానలు పడితే కూర్చుంటుందని చూసినవాళ్ళందరికీ తెలుస్తోంది. గోడ కూలితే ఆ పక్కన వసారాలో పడుకున్న మనిషి గతేమిటని నేను భుజంగరావు గారిని అడిగాను.

"పతనం సహజమైతే పరిరక్షణలో భాగమే" అన్నారు. "అయినా తుది ప్రకటనకు ముందు బహిరంగ విచారణ ఉంది. అభ్యంతరాలు అక్కడ చెప్పుకోవచ్చు."

విచారణ రోజు మండలాఫీసు హాలు నిండిపోయింది. బయట ఒకటే ముసురు. కోటమ్మ తడిసిన చీరతోనే వచ్చి ముందు వరసలో నిలబడింది. కుర్చీ వేశారు గానీ కూర్చోలేదు.

"రేకులేసుకోనివ్వండయ్యా" అంది. "గోడ పడేట్టుంది. నే పోయేదాకా ఉండనిస్తే చాలు."

"ఈ విచారణ పేరయ్య గారి దర్శనం గురించి, మీ కప్పు గురించి కాదు. కప్పు గురించి అభ్యంతరం ఉంటే కప్పుల శాఖకు రాసుకోవాలి" అన్నారు భుజంగరావు గారు. "ఇక లాంఛనంగా చివరి ప్రశ్న. ఆనాటి సమకాలీనులలో పేరయ్య గారి మాట నమ్మినవారు ఏ ఒక్కరైనా ఉన్నారా? లేరని నమోదు చేయడమే మిగిలింది. హైమావతీ, రాసేయ్."

"నేను నమ్మానండి" అంది కోటమ్మ.

హైమావతి కలం ఆగింది. 

"ఆలోచించి చెప్పండి కోటమ్మ గారూ" అన్నారు అయ్యగారు, గొంతు తగ్గించి. "నమ్మినవారు ఒక్కరున్నా ఆయన కాలానికి ముందున్నట్టు కాదు. మొత్తం కొట్టేయాల్సి వస్తుంది."

శేషగిరి ఒక్క అంగలో ఆమె పక్కకు చేరాడు. "కోటమ్మా, నువ్వూ నవ్వావనే చెప్పు. ఒక్క ముక్క. ఊరంతా నవ్విందే గదా, నువ్వు నవ్వితే తప్పేముంది? రోడ్డు నీ ఇంటి ముందుకే గదే వచ్చేది."

"రోడ్డు ఇంటి ముందుకొస్తంది. వాన ఇంట్లోకొస్తంది."

"పోనీ నవ్వలేదు, నమ్మనూ లేదు, గుర్తులేదు అను."

"గుర్తుంది గదయ్యా."

రంగనాయకులు బెంచీ మీదనుంచి, "ఒసే పిల్లా, పెద్దోళ్ళు చెప్పేది వినవే. నేను నవ్వలా? శాలువా ఇచ్చారు" అన్నాడు.

"నువ్వు పరాయోడివి మావా, నవ్వావు. మా నాయన్ను చూసి నేను నవ్వానని ఎట్టా చెప్పను?"

అరవయ్యేళ్ళ మనిషి. గొంతు పెంచలేదు. హాలు మొత్తానికీ వినపడింది.

"నాకప్పుడు ఆరో ఏడు" అంది. "అమ్మ లేదు. నాయన శివారు పల్లెలకు టముకెయ్యబోతే పొద్దంతా ఒక్కదాన్నే. భయమేస్తే ఏం చెయ్యాల నాయనా అని అడిగా. ఈ సత్తుమూత మీద కొట్టమ్మా, నే ఏడున్నా వినపడతది, తీగలూ గీగలూ అక్కర్లేదు అన్నాడు. కొట్టేదాన్ని. పొద్దుగూకి రాగానే, ఇయ్యాళ కొట్టావు గదా, విన్నా, ఏటిగట్టు మీద ఆగి నిన్ను కేకేశా, నీకు వినపడలా అనేవాడు. నే కొట్టని రోజున, ఇయ్యాళ భయమెయ్యలేదేం అని అడిగేవాడు."

"అది మీ మొహం చూసి చెప్పి ఉంటారు" అంది హైమావతి. ఆ అమ్మాయి నియమాల పుస్తకంలో లేని మాట మాట్లాడటం అదే మొదటిసారి.

"అయుండొచ్చమ్మా. నే మాత్రం నమ్మాను. ఇప్పుడు వీళ్ళ జేబుల్లో మోగుతుంటే ఇడ్డూరంగా చూసిందెవరు? నేను కాదు. నాకు ముందే తెలుసు."

బయట చూరు నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. మండలాఫీసు కప్పు కూడా ఒక మూల కారుతోంది. దాని కింద ఎర్ర బకెట్టు పెట్టారు. అది ఎవరి దర్శనమో ఇంకా తేలలేదు.

భుజంగరావు గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. "ఆరేళ్ళ వయసులో నమ్మితే అది నమ్మకం కిందికి వస్తుందా?"

"వయసు ప్రస్తావన లేదు సార్" అంది హైమావతి. "ఏ ఒక్కరైనా అనే ఉంది."

ఆయన పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి, లేచి ప్రకటించారు: "తూమాటి పేరయ్య గారు తమ కాలానికి ముందున్నవారు కారని, సరిగ్గా తమ కాలంలోనే, తమ కుమార్తెతో పాటుగా ఉన్నారని విచారణలో తేలినందున, గుర్తింపు రద్దు చేయడమైనది."

శేషగిరి కుర్చీలో కూలబడ్డాడు. రంగనాయకులు భుజం మీద శాలువాను రెండు చేతులా పట్టుకుని, "వెనక్కిచ్చెయ్యాలంటారా?" అని పక్కవాణ్ణి అడిగాడు.

కోటమ్మ దండం పెట్టి వెనక్కి తిరిగింది. గుమ్మం దాకా పోయింది. అప్పుడు భుజంగరావు గారికి ఉన్నట్టుండి ఏదో తోచింది. ఉగాది పోయి నెలలవుతోంది, మా మండలం ఖాళీగా ఉంది, పై ఆఫీసుకు జవాబు చెప్పుకోవాలి.

"ఆగండి. ఊరు ఊరంతా నవ్వుతున్నప్పుడు, ఆరేళ్ళ వయసులో, ఒంటరిగా నమ్మినవారు! ఊహించినవాడి కంటే నమ్మినవారు ఇంకా ముందున్నట్టు. హైమావతీ, అసలు పూర్వదర్శి ఈమే."

కోటమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నాకు గోనెపట్టా కింద రేకులు గుర్తొచ్చాయి. శేషగిరి మాత్రం కుర్చీలోంచి నిటారుగా లేచి, "మా కోటమ్మత్త" అన్నాడు.

హైమావతి మెల్లగా, "సార్, ఈ గుర్తింపు చనిపోయినవారికే" అంది. "ఈవిడ బతికున్నారు."

అయ్యగారు కోటమ్మను తలనుంచి కాళ్ళదాకా చూశారు. బతికే ఉందని నిర్ధారించుకుని నిట్టూర్చారు. "నిజమే. అయితే ఫైలు పెండింగులో ఉంచు. కోటమ్మ గారూ, ప్రస్తుతానికి మీ ఇంటిపై ఆంక్షలేవీ లేవు. తమరు కాలధర్మం చెందిన పిదప, ఆ రోజుకి ఇల్లు ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలో, ఒక పెంకు కదలకుండా, మా సంస్థ శాశ్వతంగా పరిరక్షిస్తుంది."

కోటమ్మ కాస్త ఆలోచించింది.

"అట్టయితే రేకులేసుకున్నాకే పోతాలే నాయనా" అంది.

సరేనన్నారు భుజంగరావు గారు. అభ్యర్థిని అంగీకారం తెలిపారని హైమావతి చేత రాయించుకున్నారు కూడా.